ఎన్4 దగ్గర ఆగిపోవద్దు: కాంజీ మీద విసుగు వచ్చిన వాళ్ళకి మా మాట

పోస్ట్ పెద్దదే. రాత్రి తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం ఇక్కడే ఒక తమ్ముడు అడిగాడు. "ఎన్4 పాసయ్యాను. ఎన్3 పుస్తకం తెరిస్తే నిద్ర వస్తోంది. మూడు నెలల నుంచి ఒక్క అడుగు ముందుకి పడలేదు. ఇక్కడితో ఆపేసి వెళ్ళిపోనా?" కింద చాలామంది "ఎన్4 చాలు తమ్ముడూ, మిగతాది అక్కడికి పోయాక అదే వస్తది" అని రాశారు. మంచి మనసుతోనే రాశారు. కానీ మేము ఆ మాట ఒప్పుకోం. ఎందుకో చెప్పడానికే ఈ పోస్ట్.

మేము అంటే హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురం. భద్రాచలం ఏజెన్సీ ఊళ్ళ కోయ పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పగలు డిగ్రీ క్లాసులు, సాయంత్రం జపనీస్. ముసలివాళ్ళని చూసుకునే పనికి, అదే కైగో పనికి, జపాన్ వెళ్ళాలని మా ఆశ. పోయిన డిసెంబర్‌లో ఎన్4 రాస్తే ముగ్గురం పాసయ్యాం, నాలుగో అతను జూలైలో పాసయ్యాడు. ఇప్పుడు ఎన్3. జూనియర్లు మమ్మల్ని "గంజి బ్యాచ్" అంటారు. కాంజీ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి గంజే.

ముందు ఆ తమ్ముడికి ఒక మాట. నీకు బుర్ర లేక కాదు. ఆ చోటే అట్లా ఉంటది.

ఎన్5లో పది మాటలు నేర్చుకుంటే ఆ రోజే పది వాక్యాలు మాట్లాడొచ్చు. నీళ్ళు, అన్నం, రైలు, నిన్న, రేపు. ప్రతి మాటా ప్రతి పేజీలో మళ్ళీ కనపడతది. ఎన్3కి వచ్చాక నేర్చుకునే మాట అట్లా కాదు. ఈరోజు నేర్చుకున్నది మళ్ళీ రెండు వారాలకి ఎదురుపడతది. అప్పటికి మరిచిపోతాం. కష్టం అంతే పడుతున్నాం, ఫలితం మాత్రం కంటికి కనపడదు. అందుకే ఆగిపోయినట్టు అనిపిస్తది.

ఈ సంగతి పరీక్ష పెట్టేవాళ్ళకీ తెలుసు. 2010కి ముందు ఆ పరీక్షలో నాలుగు మెట్లే ఉండేవి. మూడో మెట్టుకి 300 కాంజీలు, 1,500 మాటలు. రెండో మెట్టుకి 1,000 కాంజీలు, 6,000 మాటలు. మధ్యలో అంత పెద్ద గండి. మూడో మెట్టు పాసైన వాళ్ళు రెండోది ఎక్కలేకపోతున్నారని 2010లో మధ్యలో కొత్తగా ఒక మెట్టు కట్టారు. అదే ఎన్3. అంటే మనం ఇప్పుడు నిలబడి ఉన్నది లోకంలో అందరూ ఇబ్బంది పడ్డ చోటే. ఇప్పుడు అధికారికంగా మాటల జాబితా లేదు కానీ, ఎన్3కి సుమారు 650 కాంజీలు కావాలని పుస్తకాల వాళ్ళ అంచనా. పాసవ్వడానికి 180కి 95 రావాలి, మూడు భాగాల్లో ఒక్కోదానిలో 60కి 19 తగ్గకూడదు. వినడంలో ఎంత బాగా వచ్చినా, చదవడంలో 18 వస్తే ఫెయిలే. కాంజీని పక్కన పెట్టి పాసయ్యే దారి లేదు.

రెండో సంగతి. ఎన్4 దాకా మనకి తెలుగు తోడుగా వచ్చింది. వాక్యం మనలాగే, క్రియ చివర. "తిని చూడు" అంటే వాళ్ళూ "తాబెతే మిరు" అంటారు, తినడం, చూడడం అదే వరుసలో. "చేసి పెట్టు" అంటే "షితే ఒకు", చివరి మాటకి అర్థం పెట్టడమే. మనకి ఆగు, ఆపు ఉన్నట్టే వాళ్ళకి తొమరు, తొమెరు. ఇవన్నీ చూసి మాకు ధైర్యం వచ్చింది. కాంజీ దగ్గరికి రాగానే ఆ తోడు వదిలేసినట్టు అనిపించింది. ఒకే బొమ్మకి రెండు మూడు పలుకుళ్ళు ఏంది అని తల పట్టుకున్నాం.

తర్వాత అర్థమైంది, అక్కడా తోడు ఉంది. నీళ్ళ కాంజీ ఒంటరిగా ఉంటే మిజు. వేరే కాంజీతో కలిస్తే సుయ్. మన తెలుగులో కూడా ఇంట్లో "నీళ్ళు" అంటాం, కానీ పుస్తకంలో నీళ్ళాశయం అనం, జలాశయం అంటాం. సంస్కృతం మాటలు తెలుగులోకి వచ్చి కలిసినట్టే, చైనా పలుకుళ్ళు జపనీస్‌లోకి వచ్చి కలిశాయి. నిప్పు ఒంటరిగా హి, కలిస్తే కా. కొండ ఒంటరిగా యామా, కలిస్తే సాన్. ఈ రెండూ కలిపితే కాజాన్, అంటే అగ్నిపర్వతం. మనమూ నిప్పుకొండ అని కాకుండా అగ్ని, పర్వతం కలిపే కదా పేరు పెట్టుకున్నాం! ఇది తెలిసిన రోజు మా గదిలో రాత్రి పన్నెండు దాకా లైటు ఆరలేదు. వార్డెన్ సార్ వచ్చి తిట్టారు.

ఇంకొకటి. ఎన్3లో ఒకేలా కనపడే కాంజీలే ఎక్కువ ఏడిపిస్తాయి. గుడి అనే కాంజీ ఉంది, కలిసినప్పుడు పలుకు "జి". దానికి ఎడమపక్క సూర్యుడిని పెడితే కాలం, చేతిని పెడితే పట్టుకోవడం. ఈ రెండింటికీ పలుకు "జి" నే. మాటని పెడితే కవిత, పలుకు "షి". ఎడమపక్కది అర్థం వైపు చూపిస్తది, కుడిపక్కది పలుకు వైపు చూపిస్తది. అన్నిసార్లూ కుదరదు. అదే గుడికి ఆవుని పెడితే "తొకు" అయిపోతది. కానీ 650 బొమ్మలు విడివిడిగా బట్టీ పట్టడం కన్నా, కుటుంబాలుగా గుర్తుపట్టడం సులువు. మన ఊళ్ళో ఇంటి పేరు చెప్తే ఎవరి తాలూకో తెలిసిపోయినట్టు. 200 కాంజీలప్పుడు ఈ చుట్టరికం కనపడలేదు. 400 దాటాక కనపడటం మొదలైంది. ఎన్4 దగ్గర ఆపేస్తే, విత్తనం వేసి కలుపు తీసి, కోత ముందు పొలం వదిలేసినట్టే.

ఇంటరెస్టు ఎట్లా నిలబెట్టుకోవాలి అని చాలామంది అడుగుతున్నారు. మా అనుభవం ఏందంటే, ఇంటరెస్టు మీద ఆధారపడకూడదు. అది వాన లాంటిది, పడినప్పుడు పడతది. మేము చేసేవి చెప్తాం, పనికొస్తే తీసుకోండి.

పాత పెళ్ళి కార్డులు కోసి అట్టముక్కలు చేశాం. చెప్పుల డబ్బాలో ఐదు అరలు కట్టాం. ముందు వైపు మాట, వెనక అర్థం, పలుకు. సరిగ్గా చెప్తే ముక్క తర్వాతి అరకి పోతది, తప్పు చెప్తే మళ్ళీ మొదటి అరకి. మొదటి అర రోజూ చూడాలి, చివరిది నెలకోసారి చాలు. ఫోన్‌లో యాప్‌లు ఇదే పని చేస్తాయి కానీ మా నలుగురికీ మంచి ఫోన్ ఒక్కటే.

పాతవి పూర్తి కాకుండా కొత్తవి వేయం. మొదట్లో ఉషారుగా రోజుకి ముప్పై వేశాం. నెల తిరిగేసరికి చూడాల్సినవి నాలుగు వందలు పేరుకుపోయాయి. డబ్బా తెరవాలంటేనే భయం వేసి పదకొండు రోజులు ముట్టుకోలేదు. మేము విసుగు అనుకున్నది విసుగు కాదు, బాకీ భయం. ఇప్పుడు రోజుకి ఎనిమిదే.

ఒంటి కాంజీ నేర్చుకోం, మాటతోనే నేర్చుకుంటాం. అర్థం ఒకరికొకరం కోయలో చెప్పుకుంటాం. కోయలో చెప్పలేకపోతే మాకు ఇంకా అర్థం కాలేదని లెక్క.

ఒంట్లో బాగోలేని రోజు, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చిన రోజు, ఐదు ముక్కలు చూస్తే చాలు. సున్నా మాత్రం వద్దు.

ఎంత వచ్చిందో తెలియాలంటే ఒక పేజీ దాచుకోండి. సెప్టెంబర్‌లో మేము ఒక పాఠంలో తెలియని మాటల కింద గీతలు గీశాం, 41 వచ్చాయి. ఆ పేజీ మడిచి పెట్టేశాం. నవంబర్‌లో అదే పేజీ తీస్తే తెలియనివి 17. మధ్యలో రెండు నెలలూ మేము "ఏమీ రావట్లేదు" అనే అనుకున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాం. ఎన్4 చాలు అనే అన్నలు చెప్పేది అబద్ధం కాదు. 2019 ఏప్రిల్‌లో జపాన్ నిర్దిష్ట నైపుణ్య వీసా మొదలుపెట్టింది. 2021 జనవరిలో మన దేశంతో దాని మీద ఒప్పందం అయింది. కైగో పనికి ఎన్4తో పాటు నైపుణ్య పరీక్ష, కైగో జపనీస్ పరీక్ష పాసైతే వెళ్ళొచ్చు. కానీ ఆ మొదటి రకం వీసా మామూలుగా మొత్తం ఐదేళ్ళకే. ఇంటివాళ్ళని తీసుకెళ్ళడానికి లేదు. అక్కడే ఉండి కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష పాసైతే వేరే వీసా వస్తది. దాన్ని ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు, భార్యాపిల్లలు, భర్త రావచ్చు. ఆ పరీక్ష జపనీస్‌లో రాయాలి. అంటే ఎన్4 వెళ్ళడానికి టికెట్. ఉండాలా, తిరిగి రావాలా అని మనం నిర్ణయించుకోవాలంటే మాత్రం చదవడం రావాలి.

"ఫోన్ పెడితే తెలుగులో వచ్చేస్తది కదా" అంటారు. రాత్రి డ్యూటీ మారేటప్పుడు రాసి పెట్టే నోటులో కింషి అని ఉంటది, అంటే చేయకూడదు. చూయ్ అని ఉంటది, అంటే జాగ్రత్త. ఒక తాతకి గొంతులో అన్నం శ్వాసనాళంలోకి పోతది అని రాసి ఉంటది. ఆ తాతని రెండు చేతులా లేపి కూర్చోబెట్టేటప్పుడు మన చేతిలో ఫోన్ ఉండదు. ఆయన కూడా ఎవరికో తాతే.

మన సంగతి కూడా చూడండి. జీతం కాగితం మీద కోజో అనే గడి ఉంటది, కోత అని అర్థం. జాంగ్యో అంటే ఓవర్‌టైం. కేయాకు అంటే ఒప్పందం. ఆ వీసాలో అదే రంగంలో వేరే యజమాని దగ్గరికి మారే హక్కు ఉంది. హక్కు ఉన్నట్టు రాసిన కాగితం చదవలేని వాడికి ఆ హక్కు ఉన్నా లేనట్టే.

మా నలుగురిలో ఇద్దరి తాతలు వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నారు. కాగితంలో అప్పు అని చెప్పి ఇంకేదో రాసుకున్నారు. 1/70 చట్టం మనకి ఉంది. చట్టం రాసినవాళ్ళు మన కోసమే రాశారు. కానీ కాగితం చదవలేని ఇంటికి అది సగం దూరమే వచ్చింది. మా తాతలకి చదువు చెప్పినవాళ్ళు లేరు. మనకి హాస్టల్ ఉంది, పుస్తకం ఉంది, పక్కన స్నేహితుడు ఉన్నాడు. అయినా ఎవరో "మిగతాది అక్కడ అదే వస్తది" అంటే నమ్మి, తెలియని లిపి కింద సంతకం పెట్టామనుకోండి. వేలిముద్రకీ సంతకానికీ తేడా ఏముంది?

ఇంటి పరిస్థితి బాగోక ఎన్4తోనే వెళ్ళాల్సిన వాళ్ళు ఉన్నారు. వాళ్ళని మేము తప్పు పట్టం. వెళ్ళండి. కానీ చెప్పుల డబ్బా కూడా సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

చివరగా ఒకటి. మాలో ఒకతను అంగన్‌వాడీకి వెళ్ళిన మొదటి రోజు దాహమేసి "ఏర్" అడిగాడు. కోయలో ఏర్ అంటే నీళ్ళు. టీచర్‌కి అది తెలుగు ఏరు అనిపించి, వాగు ఇక్కడెక్కడుంది అంది. అందరూ నవ్వారు. ఆ పూటంతా దాహంతోనే కూర్చున్నాడు. ఆ పిల్లవాడు తర్వాత తెలుగు నేర్చుకున్నాడు, ఇంగ్లీషు నేర్చుకున్నాడు, ఇప్పుడు మిజు ఎక్కడ, సుయ్ ఎక్కడ అని మాకు చెప్తున్నాడు. మనకి పరాయి భాష కొత్త కాదు. బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే మనం ఆ పరీక్ష రాశాం.

కాబట్టి తమ్ముడూ, ఈ రాత్రికి ఐదు ముక్కలు చూసి పడుకో. రేపు ఎనిమిది. ఎన్3 చదువుతున్న వాళ్ళు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, ఆదివారం సాయంత్రం అందరం కలిసి ఒక పేజీ చదువుదాం. మేము రాసినదాంట్లో తప్పులుంటే పెద్దవాళ్ళు సరిచేయండి.

జై ఆదివాసీ.