ఏడాది తర్వాత చెయ్యి లేస్తోందా?

‘ఆపరేషన్ సక్సెస్’ అన్న మాట థియేటర్ బయటే వినేస్తాం. ఆ మనిషి ఏడాది తర్వాత చెయ్యెత్తి తల దువ్వుకోగలుగుతున్నాడా అన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టరు. రాసిపెట్టి తీరాలని పట్టుబట్టినవాడు బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్.

భుజం జబ్బుల్లో దిట్ట అయిన ఈయన ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టాడు. వచ్చినప్పుడు బాధేమిటి, ఏం చేశాం, ఏడాదికి ఎలా ఉంది, నయం కాకపోతే కారణమేమిటి అన్నవన్నీ అందులో ఉండేవి. పదవులు సీనియారిటీని బట్టి కాక ఫలితాలను బట్టి ఇవ్వాలంటూ 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి రాజీనామా చేశాడు. మరుసటి ఏడు ఊరి పెద్దల్ని వెక్కిరించే కార్టూన్‌ను నిండు సభలో ప్రదర్శించి, హార్వర్డ్‌లో బోధన కొలువూ పోగొట్టుకున్నాడు. సొంత ఆసుపత్రిలో 1911–16 మధ్య చూసిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేసి పంచాడు.

ఆయన వాదనే ఆసుపత్రుల తనిఖీలకు బీజమైంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1918లో 692 పెద్ద ఆసుపత్రులను పరిశీలిస్తే కనీస ప్రమాణాలు అందుకున్నవి 89!

మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడి ఆపరేషన్ ఖర్చుకు దారి చూపింది. ఎన్ని కేసులు చేశారన్న లెక్కతో ఆగకుండా, ఎందరు తిరిగి పనిలోకి వెళ్లారో కూడా ప్రభుత్వాలు అడగాలి. ఎముకకు ప్లేటు బిగించడం నేర్చుకునే పీజీ విద్యార్థికి ఆ లెక్క రాయడమూ నేర్పాలి. ఈ సంచిక వ్యాసాలు ఆ చర్చకోసమే. చదివి, మీ అనుభవాలు రాయండి.