కుక్కకొచ్చిన గడ్డ మనకేం చెబుతుంది?

మొన్న ఓపీకి యాభై ఏళ్ల గృహిణి వచ్చారు. ఎడమ రొమ్ములో గడ్డ. ‘ఎన్నాళ్లుగా ఉందమ్మా?’ అంటే తల దించుకున్నారు. ఏడు నెలలని కూతురు చెప్పింది. ఆ వెంటనే ఓ సందేహం: ‘పోయినేడాది మా కుక్కకూ ఇలాంటి గడ్డే వచ్చింది డాక్టర్ గారూ. దాన్నుంచి అమ్మకు అంటుకుందా?’

అంటుకోదు. రొమ్ము క్యాన్సర్ కుక్క నుంచి మనిషికి సోకే జబ్బు కాదు. కానీ ఆ రెండు గడ్డలకూ పోలికలున్న మాట నిజం. ఈ మధ్య దాని గురించి వార్తలు కూడా వస్తున్నాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి రొమ్ము కణుతులే. వాటిలో దాదాపు సగం క్యాన్సర్‌వి. ల్యాబ్‌లో ఎలుకకు చాలావరకు మనమే క్యాన్సర్ తెప్పిస్తాం. కుక్కకు మాత్రం వయసు మీదపడ్డాక, మనింట్లో మన గాలే పీలుస్తూ, దానంతటదే వస్తుంది. శాస్త్రవేత్తల ఆసక్తి అందుకే. 2005లో కుక్క జన్యుపటం వెలువడ్డాక, కణితిలో ఏ జన్యువు అతిగా పనిచేస్తోంది, ఏది మూగబోయింది అని పోల్చి చూడటం తేలికైంది. మనిషిలో అదుపు తప్పిన జన్యువుల్లో చాలా వాటిది కుక్కలోనూ అదే తీరని 2009లో ‘బీఎంసీ జీనోమిక్స్’లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కణాన్ని పెరగమని తరిమే పీఐ3కే మార్గం, దానికి పగ్గం వేసే పీటెన్ జన్యువు రెండుచోట్లా గాడి తప్పాయి. ఆ మార్గంలోని పీఐకే3సీఏ జన్యువులో స్త్రీలలో కనిపించే మార్పే తర్వాత కుక్కల్లోనూ దొరికింది. ఆ మార్పున్న కొందరు రోగులకు ఇచ్చే అల్పెలిసిబ్ మాత్రకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది.

అలాగని ‘కుక్క మందే మనిషికీ’ అనే శీర్షికలను నేను నమ్మను. కుక్కల్లో మిశ్రమ రకం కణుతులు ఎక్కువ. పాలు తయారుచేసే కణాలతో పాటు వాటిని చుట్టుకుని పిండే కణాలూ అందులో పెరుగుతాయి. మనుషుల్లో ఇవి అరుదు. ఒకే రకం కణాలతో పెరిగే క్యాన్సర్లే మనవాటికి దగ్గరని 2014లో మరో బృందం చూపింది. అంటే ఏ కుక్క, ఏ కణితి అన్నది తేల్చకుండా పోలిక చెల్లదు.

జన్యువుల పనితీరంటే ఏదో పెద్ద ల్యాబ్ వ్యవహారం అనుకోనక్కర్లేదు. బయాప్సీ ముక్క మీద చేసే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చూసేదీ ఒక విధంగా అదే. ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్ కణితిలో ఎంతుందో అవి చెబుతాయి. హార్మోన్ మాత్ర పనిచేస్తుందా, హెర్2 ఇంజెక్షన్ అవసరమా అన్నది వాటిని బట్టే తేలుతుంది.

ఆవిడకూ అవే రాశాను. కాగితం ఇస్తూ కుక్క ఎలా ఉందని అడిగాను.

‘బాగుందండీ. గడ్డ కనబడిన వారంలోనే అమ్మే దగ్గరుండి ఆపరేషన్ చేయించింది’ అంది కూతురు.