పెరటి గోడకు సిమెంటు వద్దు: చిన్నాయనోళ్ళకు మా జవాబు

పోయిన నెల ఫ్యామిలీ గ్రూపులో ములబాగిలు ఇంటి పెరటి గోడ మీద పెద్ద వాదమే జరిగింది. టైపు చేసి చేసి వేళ్ళు నొప్పి పుట్టినాయి గానీ మాట తెగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మేమంటే ఆ గోడ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చున్న ముగ్గురం: అన్నదమ్ములం ఇద్దరం, ఇంటి చిన్న కోడలు. కన్నడ మీడియంలో చదివినోళ్ళం. రాతలో తప్పులుంటే సర్దుకోండి, విషయంలో తప్పుంటే మాత్రం నిలదీయండి.

చిన్నాయనోళ్ళ మాట ఇది: "సందుల్లో సున్నం రాలిపోతా ఉంది. మేస్త్రీని పిలిచి సిమెంటు కొట్టిస్తే రెండు రోజుల పని. మళ్ళీ యాభై ఏండ్లు ఆ పక్క చూసే పనుండదు."

వినడానికి బాగానే ఉంది. కానీ అదే గోడ బావి వైపుకు పోయి ఒకసారి చూడండి. నాలుగేండ్ల కింద అక్కడ సిమెంటుతో పాయింటింగు చేయించినాం. అప్పుడు మేమూ సరే అన్నాం, ఆ తప్పులో మాకూ పాలుంది. ఇప్పుడు సిమెంటు గీతలు చెక్కు చెదరకుండా ఉన్నాయి, వాటి నడిమి ఇటుకలే గుంటలు పడినాయి. చేత్తో రుద్దితే ఎర్రపొడి రాలుతుంది, అక్కడక్కడ తెల్లగా ఉప్పు తేలింది.

కారణం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పాత ఇటుక మెత్తనిది, వానకు చెమ్మ పీల్చుకుంటుంది. సున్నం సందు ఇటుక కంటే మెత్తన గనుక ఆ చెమ్మ ఎక్కువగా సందులోంచే బయటికి ఆరిపోతుంది. సిమెంటు గట్టిది, చెమ్మను అంతగా వదలదు. సందు దారి మూసుకుపోతే నీళ్ళు ఇటుకలోంచే ఆరాలి. నీళ్ళలో కరిగిన ఉప్పు ఇటుక చర్మం కింద గట్టిపడి పైపొరను ఊడగొడుతుంది. సందును మళ్ళీ నింపుకోవచ్చు. ఇటుక మొహం ఊడితే ఎవరు తెచ్చిస్తారు?

"సున్నం రాలింది కదా, అంటే అది చేతగానిదే కదా" అని పెదనాన్న అడిగినారు. లేదు పెదనాన్నా, అది దాని పని అది చేసింది. చెప్పు అడుగు అరిగిందంటే కాలు అరగలేదని అర్థం. ఇన్నేండ్లు అరిగిన సున్నానికి ఇంకోసారి సున్నమే పెడదాం.

సిమెంటు మీద మాకు పగేమీ లేదు. మేముండే బెంగళూరు ఫ్లాటంతా అదే. ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. దానికి చాలా ముందునుంచీ మన కోటలూ గుళ్ళూ డంగు సున్నంతో నిలబడినాయి. కొత్త గోడకు కొత్త సరుకు పెట్టుకోండి. పాత గోడకు పాత సరుకే సరిపోతుంది.

ఇంక రంగు సంగతి. "తెల్లగా అతుకేసినట్టుంది" అని పిన్ని ఫోటో చూసి నవ్వింది. నిజమే. మా మొదటి ముక్క అట్లనే వచ్చింది, ఎం-శాండుతో చేసినాం. అది కంకర రాయి పొడి, బూడిద రంగు. సున్నం ఉట్టి తెలుపు. ఆ గోడ రంగు ఆ రెంటిలోనూ లేదు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని ఇక్కడ అక్కరకొచ్చింది. రాలిన పాత గచ్చు పెళ్ళ ఒకటి వెనిగర్‌లో నానబెట్టినాం, రోజుకోసారి వెనిగర్ మార్చినాం. సున్నం బుడగలు తేలి కరిగిపోయింది, అడుగున ఇసుక మిగిలింది. ముతక ఇసుక, కొంచెం ఎరుపు, నడుమ ఇటుక పొడి. అంటే గచ్చు రంగు ఎక్కువగా ఇసుకదే! అట్లాంటి ఇసుకే గొడ్లకొట్టం వెనక పాత కుప్పలో దొరికింది. కడిగి, జల్లెడ పట్టి, ఆరు రకాలుగా కలిపి, విడి ఇటుకల నడుమ పెట్టి నంబర్లేసినాం. తడి మీద ముదురుగా కనబడింది ఆరితే తేలిపోతుంది. అందుకే రెండు వారాలు ఆగి చూసినాం. నాలుగో నంబరు పాసయింది: తడిపి మాగబెట్టిన సున్నపు ముద్ద 1 పాలు, ఇసుక రెండున్నర, మెత్తని ఇటుక పొడి అర. పోల్చింది పైన నల్లబడిన రంగుతో కాదు, విరిచిన పెళ్ళ లోపలి రంగుతో. పైరంగు ఎండా వానా వేస్తాయి. ఎర్రమన్ను, డబ్బా రంగులు కలపొద్దు. మన్ను కలిస్తే సందు బీటలిస్తుంది.

"ఆ పని తెలిసిన మేస్త్రీ ఎక్కడ?" అంటారా? మనమే. సన్న ఉలి, సుత్తి చాలు. గ్రైండరు మాత్రం వద్దు, ఇటుక అంచులు తెగిపోతాయి. వదులైన గచ్చును అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, గోడ తడిపి, రెండు మూడు పొరలుగా అదిమి నింపాలి. తర్వాత తడి గోతాలు కప్పి ఓ వారమన్నా ఎండ తగలకుండా చూడాలి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి, సున్నం కాలుస్తుంది. బావి వైపు సిమెంటులో వదులైంది తీస్తాం, గట్టిగా పట్టుకున్నది ముట్టుకోం. తీయబోతే ఇటుకే విరుగుతుంది.

ఇది రెండు రోజుల పని కాదని ఒప్పుకుంటాం. ముగ్గురం రోజంతా కూర్చుంటే గజం, గజమున్నర అవుతుంది. ఇంకా గోడలో మూడింట రెండు వంతులు మిగిలి ఉంది. చిన్నాయనా, కోప్పడకుండా మేస్త్రీకి అడ్వాన్సు ఇయ్యడం ఆపండి. సంక్రాంతికి అందరం వస్తాం కదా, బావి వైపు ఒకసారి, మా నాలుగు ఆదివారాల ముక్క ఒకసారి చేత్తో తడిమి చూడండి. అప్పటికీ సిమెంటే అంటే ఆ మాట గోడ ముందర నిలబడి చెప్పండి, వింటాం. సున్నమే అంటే మాఘమాసంలో వానా ఉండదు, మండే ఎండా ఉండదు. ఉలులు మేం తెస్తాం, గోతాలు మీరు తెండి.