ఆరోగ్యము: ఉపవాసమును, క్రొవ్వును

కార్తిక సోమవారమునాడు పగలెల్ల ఏమియు ముట్టక, నక్షత్రదర్శనమైన పిదప భుజించు స్త్రీలు మన యిండ్లలో పెక్కుమంది కలరు. ఆ దినమున పనులేవియు ఆగవు గదా! ఆ శక్తి యెచ్చటిది?

భోజనానంతరము రక్తమున చక్కెర హెచ్చగా, క్లోమగ్రంథి ఇన్సులిన్ అను హార్మోనును విడుచును. ఇది కొట్టుగదికి తాళము వేయు గృహిణివంటిది. క్రొవ్వును దాచును, దాచినదానిని కదలనీయదు. కాలేయమున మలోనైల్ కో-ఏ అను పదార్థ మొకటి తయారై, క్రొవ్వు ఆమ్లములు దహనస్థానమును జేరకుండ వాకిట నిలుచును. క్రొత్త క్రొవ్వు కట్టుచున్న వేళనే పాతది కాల్చుట వ్యర్థమే కదా!

ఆహారము లేనిచో ఇన్సులిన్ తగ్గును. తాళము వీడి క్రొవ్వు కరగును. క్రొవ్వు ఆమ్లములను గుండెయు, కండరములును నేరుగా వాడుకొనును. కాలేయము కొంత భాగమును కీటోనులుగా మార్చును. ఒక పూట ఉపవాసమునకు మెదడునకు కాలేయమిచ్చు చక్కెరయే చాలును. దినములు గడచినకొలది కీటోనులే దానికి ముఖ్యాధారమగును.

ఇన్సులిన్ బొత్తిగా లేని మధుమేహమున మాత్రము ఈ యేర్పాటే ప్రాణాంతకము. రక్తమున చక్కెర పొంగుచున్నను, శరీరము పస్తున్నట్లే క్రొవ్వును మితిమీరి కరగించును. కీటోనులు ఆమ్లములు గనుక రక్తము చెడును. దాహము, వాంతులు, కడుపునొప్పి, ఆయాసము, ఊపిరిలో పండ్ల వాసన దీని గురుతులు.

1922 జనవరిలో టొరంటో నగరమున పదునాలుగేండ్ల లియొనార్డ్ థాంప్సన్ ఈ వ్యాధితోనే శుష్కించియుండెను. మొదటి సూదిమందు సరిగా పనిచేయలేదు. కొలిప్ శుద్ధిచేసిన మందును 23వ తేదీన ఇయ్యగా చక్కెర దిగెను, మూత్రమున కీటోనులు మాయమయ్యెను. ఆ బాలుడు 1935 వరకు జీవించెను.

అట్టి బిడ్డకు జ్వరము వచ్చి అన్నము మానినపుడు, తిననివానికి సూది యేల యని తల్లి తలంచుట సహజమే. కాని ఆ తలంపే మిక్కిలి అపాయకరము. జ్వరమున అడ్రినలిన్, కార్టిసాల్ మొదలగునవి హెచ్చి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేయును. కావున దాని యవసరము పెరుగవచ్చును. మోతాదును వైద్యు నడిగి మార్చవలెను గాని సూదిని పూర్తిగా మానరాదు. పై గురుతులు కనబడినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి తీసికొని పోవలెను.

మధుమేహము గల పెద్దలు వ్రతమునకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. చక్కెరను మూత్రముగుండ వెడలించు గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి, ఉపవాసమున చక్కెర అంతగా హెచ్చకయే కీటోనులు పెరుగుట కలదు.