ఇంటా బయటా: గాలివార్త

పోయిన నెల సంక్రాంతికి మా వీధి కుర్రవాడొకడు పూనా నుంచి వచ్చాడు. హింజేవాడిలో ఒక కంప్యూటరు కంపెనీలో వుద్యోగం. అతని చేతికింద పదకొండుమంది పనిచేస్తారు. పండుగనాడు తల్లి సకినాల పళ్లెం ముందుపెడితే ఒకటి కొరికి వదిలేశాడట. "వీనికేమయిందో మీరైనా అడగండి అన్నయ్యగారూ" అని ఆమె మా యింటికి వచ్చి కంట తడి పెట్టుకొన్నది.

అడిగాము. సంగతి ఇది. వాళ్ల కంపెనీలో మనుషులను తీసేస్తారని రెండు నెలలుగా వదంతి. ప్రకటన యేదీ లేదు. పై అధికారి ఒకాయన సెలవు రద్దు చేసుకొన్నాడు. మూసిన తలుపుల వెనుక సమావేశమొకటి గంటన్నర సాగింది. కొత్తగా చేరవలసిన ఇద్దరిని ఆగమన్నారు. ఉన్న ఆధారాలు ఇంతే. చేతికింది పిల్లలు "అన్నా, మాకేమైనా వుందా?" అని రోజూ అడుగుతున్నారు. పైనుంచి వచ్చిన ఆజ్ఞ "ఏమీ లేదని చెప్పు" అని. నిజానికి వున్నదో లేదో ఇతనికీ తెలియదు. జాబితాలో తన పేరే వుందేమో, అదీ తెలియదు.

"మిల్లులో సూపర్‌వైజరుగా చేసినారు గదా మామయ్యా, మీరైతే ఏం చెప్పేవారు?" అని అడిగాడు.

మేమేం చెప్పామో మాకు బాగా జ్ఞాపకమున్నది. అందుకే వెంటనే జవాబు రాలేదు. చదువరులముందు ఆ తప్పు ఒప్పుకొంటే తప్ప ఈ నెల కలం కదిలేటట్టు లేదు.

1990 దాటిన తరువాతి రోజులవి. మిల్లు పేరుతో పనిలేదు. నేత ఖాతాలో మాది రాత్రి పాళీ. సాంచాలు సగం ఆపుతారని గాలివార్త పుట్టింది. పనివాళ్లకు యెవరూ చెప్పనక్కరలేదు. గోదాములో పత్తి బేళ్లు తరిగిపోవడం వాళ్లే చూశారు, అరిగిన సామాను మార్చకుండా అతుకులతో నడిపించడం వాళ్లే చూశారు. ఒకరాత్రి మా జాబరు, మాకంటె పదేండ్లు పెద్దవాడు, పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. "బిడ్డ పెండ్లి ఖాయం చేద్దామనుకుంటున్న సారూ. చెయ్యమంటరా, ఆగమంటరా?"

అంతకు నాలుగు రోజుల ముందే మేనేజరు గదిలో టైపు చేసిన జాబితా ఒకటి మా కంట బడింది. పేర్లు చదవలేదు. జాబితా అని మాత్రం తెలుసు. ఎవరితోనూ అనవద్దని మాకు గట్టిగా చెప్పి వున్నారు. అయినా "ఆగు" అనడానికి ఒక్క మాట చాలును. "నన్నడగకన్నా" అన్నా అతనికి అర్థమై వుండేది. మేము మాత్రం "ఏమీ కాదన్నా, ముహూర్తం పెట్టుకో" అన్నాము.

తొమ్మిది వారాలకు నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు. పైనుంచి మూడో పేరు అతనిదే. అప్పటికి వడ్డీకి తెచ్చిన డబ్బు బంగారానికీ, బట్టలకూ అయిపోయింది. పెండ్లి ఆగలేదు. పసుపు అద్దిన శుభలేఖ తానే తెచ్చి యిచ్చాడు. మమ్మల్ని ముందువరుసలో కూర్చోబెట్టి, ఒక్క మాట అనకుండా విస్తరి వేయించాడు. ఆ మాటేదో అని వుంటే మాకు అన్నం సహించేది.

అంతటితో తీరలేదు. ఆ తరువాత మా నోట నిజం వచ్చినా నమ్మేవాడు లేకపోయినాడు. "శనివారం జీతాలు వస్తాయి" అంటే, మిగిలినవాళ్లు మమ్మల్ని దాటిపోయి క్యాషియరు కిటికీ దగ్గర మళ్లీ అడిగేవారు. ఖాతాను నడిపేది అధికారం అనుకొన్నాము. నమ్మకం పోయినాక తెలిసింది, నడిపినది అదేనని.

ఈ భయం మన కుటుంబాలకు కొత్తదేమీ కాదు. సోలాపురంలో మనవాళ్లెందరికో కూడుపెట్టిన పెద్ద నూలు మిల్లు 1949 ఆగస్టులో మూతబడితే, పని పోయినవారి గోడు ఢిల్లీదాకా వినబడింది. 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ మిల్లు పాలన చేతిలోకి తీసుకొన్నది. అప్పుడు భోంగా ఆగితే వూరంతా వినేది. ఇప్పటి పిల్లలకు భోంగా లేదు, చేతిలో ఫోను వున్నది. భయం మాత్రం అదే.

2025 జూలైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని, అంటే నూటికి ఇద్దరిని, తగ్గిస్తామని ప్రకటించింది. లెక్కకు ఇద్దరే. కాని ఆ ఇద్దరెవరో తెలిసేదాకా నూరుగురికీ నిద్ర వుండదు. యాజమాన్యాలు వేసే లెక్కలో ఈ నిద్ర చేరదు. పనిలో అది కనబడుతుంది. మొదట వెళ్లిపోయేది చేవగలవాడు, ఎందుకంటే అతనికి బయట పని దొరుకుతుంది. మిగిలినవాళ్లు పని నేర్పడం మానుతారు. నేర్చుకొన్నవాడు తనకే పోటీ అవుతాడేమోనని అనుమానం. తప్పు జరిగితే దాచుతారు. తీసివేతవల్ల మిగిలేదెంతో, ఈ మౌనంవల్ల పోయేదెంతో పక్కపక్కన వేసి చూసిన యజమానిని మేము చూడలేదు.

బాహాటంగా చెప్పినంత మాత్రాన నొప్పి పోదు, నిజమే. 2019లో బీఎస్ఎన్ఎల్ స్వచ్ఛంద విరమణ పథకం ప్రకటించింది. పనిచేసిన ప్రతి యేడుకు 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి యేడుకు 25 రోజుల జీతం అన్నది లెక్క. 2020 జనవరి 31న సుమారు 78,000 మంది ఒక్కసారి ఇంటికి వచ్చారు. బాధ లేకపోలేదు. అయినా భార్యాభర్తలు కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చుని, వుండటమా, పోవడమా అని లెక్క చూసుకోగలిగారు. గాలివార్తతో ఆ లెక్క కుదరదు.

కుర్రవానికి మేము చెప్పినది ఇది. తెలియనిది తెలియదని చెప్పు. "ఏమీ లేదు" అన్న మాట మాత్రం నోట రానీయకు. తెలిసినా చెప్పకూడనిది వుంటే, "ఇది నేను చెప్పలేను" అని చెప్పు. అది అబద్ధం కాదు, వినేవాడు జాగ్రత్త పడతాడు. ఎవడైనా పెండ్లి, ఇల్లు, అప్పు అని అడిగితే, "రెండు నెలలు ఆగితే నష్టమేముంది?" అని అడుగు. రోజూ ఒక వేళకు వాళ్లమధ్య కూర్చో. తలుపు మూసుకొని కూర్చున్న అధికారి గది బయటే వదంతులు పుడతాయి. పైవాళ్లకు కూడా మర్యాదగా వ్రాయి, "ఏమీ లేదని చెప్పలేను, ఎప్పుడు చెప్పగలరో ఆ తేదీ అయినా ఇవ్వండి" అని.

చట్టం సంగతి నాలుగు ముక్కలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఏడాది నిండా పనిచేసిన కార్మికుని తీసివేయాలంటే కారణం వ్రాసి నెల నోటీసైనా, నెల జీతమైనా ఇవ్వాలి. పనిచేసిన ప్రతి యేడుకు 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవాడు ముందు పోవాలి. అజమాయిషీ వుద్యోగులకు, 18,000 రూపాయలకు మించి జీతం తీసుకొనే పర్యవేక్షకులకు ఇది వర్తించదు. అన్నిటికంటె ముఖ్యం, తమంతట తాము రాజీనామా వ్రాసి యిచ్చినవారికి ఈ రక్షణ లేదు. కాబట్టి గదిలోకి పిలిచి "ఇక్కడ సంతకం పెట్టు" అంటే, "ఇంటికి తీసుకెళ్లి చదివి తెస్తాను" అనడం పిరికితనం కాదు. అయిదేండ్లు నిండినవారు గ్రాట్యుయిటీ అడిగి తీసుకోవలె.

ఇంటివాళ్లకూ ఒక మాట. "నీ వుద్యోగం వుంటుందా?" అని పూటపూటా అడగకండి. ఆ ప్రశ్న ఆఫీసులో వందసార్లు విని వస్తాడు. ఆరు నెలల ఇంటిఖర్చు యెంతో కలిసి కూర్చుని వ్రాయండి. చుట్టాల్లో ఫలానావాని వుద్యోగం పోయిందట అన్న కబురు మీ గడపలోనే ఆగిపోనీయండి. వుద్యోగం పోవడం తప్పు చేయడం కాదు. ఆ సంగతి మొదట తెలియవలసినది ఇంట్లోనే.

మొన్న ఆదివారం కుర్రవాడు ఫోను చేశాడు. పదకొండుమందిని కూర్చోబెట్టి తెలిసినది, తెలియనిది చెప్పాడట. ఒకడు కోపపడి లేచిపోయాడు. ఇంకొకతె కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టడం వాయిదా వేసుకొన్నది. తక్కినవాళ్లు చాలారోజుల తరువాత పనిలో కూర్చున్నారట. పైనుంచి అతని వుత్తరానికి జవాబు రాలేదు. జాబితా ఇంకా రాలేదు, రావచ్చు కూడా.

సంగతి తల్లికి చెప్పాము. ఆమె కాసేపు వూరకుండి లోపలికి పోయి, సకినాల డబ్బా తెచ్చి ముందుపెట్టింది. రేపు పూనా పోయేవారెవరైనా వున్నారా అని అడిగింది. ఆ పదకొండుమందికీ సరిపోవాలట.