మునిగినవాళ్ళ పట్టీ ఎవరు రాస్తారు?

గోదావరి అందరినీ ఒకేలా ముంచుతుంది. మునిగినవాళ్ళను సర్కారు మాత్రం ఒకేలా లెక్కపెట్టదు. మా గొడవంతా ఇక్కడే.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది. అందులో 77 మంది ఉంటే బతికి బయటపడింది 26 మంది. వాళ్ళను కాపాడింది ఏ అధికారీ కాదు, తమ పడవలేసుకుని పరుగెత్తుకొచ్చిన దగ్గరి ఊరి జనం. 38వ రోజున బోటును పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది. అదే ఏడాది నవంబరులో తొమ్మిది బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. ఎక్కడ? గండిపోచమ్మ, నాగార్జునసాగర్, శ్రీశైలం, రుషికొండ లాంటి చోట్ల. అంటే విహారానికి వచ్చేవాళ్ళు ఎక్కే రేవుల్లో. మంచిదే. కాదనం.

కానీ అంతకు ఏడాది ముందు, 2018 మే 15న, అదే దేవీపట్నం మండలంలో కొండమొదలు గిరిజనులు ఎక్కిన లాంచీ గాలివానకు మునిగింది. తలుపులు మూసి ఉండటంతో లోపలున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. ఇరవై మంది దాకా పోయారు. రెండు నెలలకే, జూలై 14న, పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. ఆడపిల్లలు గల్లంతయ్యారు. వీళ్ళెవరూ విహారానికి పోలేదు. సంతకో, ఆస్పత్రికో, బడికో పోవాలంటే వాళ్ళకున్న దారి నది ఒక్కటే.

ఇవి పెద్దవి కాబట్టి పేపర్లకెక్కాయి. ఒకరో ఇద్దరో పోయే నావల మాటేమిటి? లంకల్లో కూలికి పోయి వస్తూ మునిగిన మన ఆడకూతురి చావు ఠాణాలో 'నీట మునిగి మృతి' అనే ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. నావలో ఎంతమంది ఎక్కారు, రేవు ఎవరు పాడుకున్నారు, వంతెన ఎందుకు రాలేదు అని అడిగే కాగితం లేదు. బడిలో ఒక పిల్ల ఒక్కరోజు రాకపోతే మా పంతుళ్ళు హాజరుపట్టీలో రాస్తారు. ఏటిలో పోయిన పిల్లకు పట్టీ ఏది?

చట్టం లేక కాదు. ప్రమాదం జరిగితే బోటు నడిపేవాడు వెంటనే దగ్గరి ఠాణాకు చెప్పాలని తెల్లవాడు 1917లోనే రాశాడు. అయితే అది యంత్రపు బోట్లకే. దాని స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ప్రమాదాల మీద విచారణ గురించి అందులోనూ ఉంది. తెడ్డు నావలను మాత్రం రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ అప్పజెప్పి చేతులు దులుపుకుంది. డబ్బూ మనిషీ లేని పంచాయతీ ఏం చేస్తుంది?

అమెరికాలో సరదాకు తిప్పుకునే పడవకు కూడా 1971 చట్టం కింద నివేదిక కావాలి. మనిషి పోయినా, కనబడకుండా పోయినా, ప్రథమ చికిత్సకు మించిన గాయమైనా ఇంత గడువులోగా రాసివ్వాల్సిందే. మనిషి వెంటనే చనిపోతే గడువు 48 గంటలు. రాష్ట్రాలు పంపే ఆ కాగితాల నుంచే ఏటా లెక్క అచ్చవుతుంది. అక్కడ షికారు పడవకున్న పట్టింపు ఇక్కడ పొట్టకూటి నావకు లేదు!

లెక్క రాస్తే బాధ్యుడు దొరుకుతాడు. ఒకే రేవులో మూడుసార్లు నావ మునిగిందని కాగితం మీద ఉంటే నాలుగోసారి ఏ కలెక్టరూ 'విధి' అనలేడు. అందుకే రాయరు.

మేం అడిగేది ఇది. యంత్రం ఉన్నా లేకున్నా ప్రతి నావ ప్రమాదాన్నీ 48 గంటల్లో నమోదు చేయాలని రెండు తెలుగు రాష్ట్రాలూ నిబంధన తేవాలి. ఆ నివేదికను గ్రామసభలో చదవాలి, చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకు నకలు ఇవ్వాలి. పరిహారంలో పర్యాటకుడికొక రేటు, కూలికొక రేటు పనికిరాదు. శిక్ష తెడ్డు వేసినవాడితో ఆగకుండా వంతెన ఆపిన కంట్రాక్టరు దాకా, సంతకం పెట్టిన అధికారి దాకా పోవాలి.

చెరువు నీళ్ళు ముట్టుకునే హక్కు కోసం 1927లో బాబాసాహెబ్ మహద్‌లో నడిచాడు. ఆ నీళ్ళను ప్రాణాలతో దాటే హక్కు కోసం మనం నడవాలి. సర్కారు రాసేదాకా ఆగొద్దు. ప్రతి పేటలో ఒక నోటుబుక్కు పెట్టండి. మునిగినవాళ్ళ పేరు, తేదీ, రేవు రాయండి. రాసి మాకు పంపండి, అచ్చు వేస్తాం.

జై భీమ్!