అమ్మ పుట్టింటి పేరే... బ్రాండ్!

ఫ్యాషన్ కాలేజీ గడప తొక్కలేదు. పెట్టుబడి పెట్టేవాళ్లు లేరు. ఉన్నదల్లా బొమ్మలన్నా, పుస్తకాలన్నా, సినిమాలన్నా ప్రాణంపెట్టే గుణం. దాంతోనే 'రొడార్టె' బ్రాండ్‌ని నిలబెట్టారు అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన అక్కాచెల్లెళ్లు కేట్, లారా మల్లేవీ. రొడార్టె... వాళ్లమ్మ పుట్టింటివాళ్ల పేరు!

నాన్న వృక్షశాస్త్రవేత్త, అమ్మ చిత్రకారిణి. బర్క్‌లీ యూనివర్సిటీలో అక్క కేట్ కళాచరిత్ర చదివితే, చెల్లెలు లారా సాహిత్యం చదివింది. చదువయ్యాక ఇద్దరూ పాసడీనాలోని అమ్మానాన్నల దగ్గరికే వచ్చేశారు. కేట్ ఇష్టపడి కూడబెట్టుకున్న గ్రామఫోన్ రికార్డుల్ని అమ్మేసింది. లారా హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేసింది. ఆ డబ్బుతో బట్ట కొని, పట్టుమని పది డ్రెస్సులు కుట్టి 2005లో న్యూయార్క్ బయల్దేరారు. ఆ నెల్లోనే ఓ ప్రముఖ ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రంగా వాళ్ల దుస్తులే వచ్చాయి!

వీళ్ల ప్రత్యేకత బొమ్మని బట్టలోకి తేవడం. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో శాన్ మార్కో మఠం గోడల మీద ఫ్రా ఏంజెలికో వేసిన చిత్రాల స్ఫూర్తితో 2011లో గౌన్లు రూపొందించారు. వాటిని లాస్‌ఏంజెలెస్ మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. వాన్‌గో పొద్దుతిరుగుడు పూలూ, నక్షత్రాల రాత్రీ 2012 వేసవి దుస్తుల మీదికి వచ్చాయి. 2010లో వచ్చిన 'బ్లాక్ స్వాన్' సినిమాలో బ్యాలే దుస్తులకూ వీళ్ల చేయి పడింది.

అన్నీ పొగడ్తలేనా? కాదు. 2010లోనే మెక్సికో సరిహద్దు పట్టణం హువారెస్ స్ఫూర్తి అంటూ ఓ సౌందర్య సాధనాల సంస్థతో కలిసి రంగులు తయారుచేశారు. ఒక నెయిల్‌పాలిష్‌కి 'ఫ్యాక్టరీ' అని పేరు. ఆ ఊళ్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలెందరో హత్యకు గురయ్యారు. వాళ్ల కష్టం మీకు అలంకారమా అని జనం నిలదీశారు. అక్కాచెల్లెళ్లు క్షమాపణ చెప్పారు. ఆ రంగులు మార్కెట్లోకి రానేలేదు. కళ పేరుతో ఎదుటివాళ్ల దుఃఖాన్ని తాకేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పిన పాఠమది.

2018లో వాషింగ్టన్‌లోని మహిళా కళాకారుల జాతీయ మ్యూజియం వీళ్ల దుస్తులతో ప్రదర్శన పెట్టింది. ఆ మ్యూజియం ఏర్పాటుచేసిన మొట్టమొదటి ఫ్యాషన్ ప్రదర్శన అదే.

మన ఇళ్లలోనూ పుస్తకం చివరి పేజీల్లో గౌన్ల బొమ్మలు గీసే అమ్మాయిలుంటారు. 'చదువు మానేసి ఇదేం పని' అనేముందు ఆ బొమ్మల్ని ఒక్కసారి చూడండి. తోడుగా ఓ అక్కో చెల్లెలో ఉంటే... ఇక చెప్పేదేముంది!